ఎర్ర గూటాలు

తడి దుప్పట్ల బుట్ట తెచ్చి మా గుమ్మంలో దభీమని పడేసింది వదిన.

"ముట్టుకో," అంది తమ్ముడితో. "ముట్టుకుని చూడరా. నిన్న పొద్దున ఆరేసినవి. ఇవాళ పదకొండయింది. ఇంకా పిండితే నీళ్ళు కారుతున్నాయి."

మా ఆయన ముట్టుకోలేదు. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి ఆ కుర్చీలో కూలబడ్డ మనిషి, బూట్లు కూడా విప్పలేదు. పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది. స్టేడియంలో పచ్చిక చూసుకునే మనిషి, జ్వరం వస్తే తప్ప ఇరవై ఏళ్ళలో ఒక్క పొద్దు గ్రౌండుకి వెళ్ళకుండా ఉండని మనిషి, ఇవాళ గేటు తాళం తియ్యడానికి కూడా పిల్లని పంపాడు.

నిన్న పొద్దునే క్లబ్బు వాళ్ళు వీధి వైపు స్టాండు మీద రెండు పొడుగాటి గుంజలు నిలబెట్టి, వాటి మధ్య నీలం గుడ్డ కట్టారు. కొత్త స్టాండు ఇంత ఎత్తు వస్తుంది, అందరూ చూసుకోండి అని. ఎత్తు ఎవడు చూశాడు? అందరూ నీడే చూశారు. సందు దాటి, గోడ దాటి, సరాసరి వదిన డాబా ఎక్కి, ఆమె దుప్పట్లు ఆరేసే తీగల మీద కూర్చుంది ఆ నీడ. తొమ్మిదింటికి వచ్చింది, మూడు దాటితే గాని లేవలేదు.

"నీడ రాదన్నావు," అంది వదిన.

"అన్నాను."

"నా వంటింట్లో నిలబడి అన్నావు. స్టాండు కాగితం మీద సంతకం పెట్టే ముందు అడిగానా లేదా? ఒరేయ్, ఎండాకాలం సంగతి సరే, చలికాలంలో కూడా రాదు కదా అని?"

"అడిగావక్కా."

"ఏం చెప్పావు?"

"రాదని చెప్పాను."

"ఆసుపత్రి దుప్పట్లురా ఇవి. మంచం పట్టినవాళ్ళు కప్పుకునేవి. ఎండ తగలందే వీటి వాసన చావదు. నాకేమన్నా పదిమంది పనివాళ్ళున్నారా? నాకున్న పనివాడల్లా ఆ ఎండే. వాణ్ణి కూడా మాన్పించేశావు."

ఆయన తల ఇంకా కిందికి వంగింది. వాళ్ళమ్మ పోయాక ఆయన్ని పెంచింది వదినే, ఆ దుప్పట్లు ఉతికే. అది ఆమె నోటితో ఎప్పుడూ అనలేదు, ఇవాళా అనలేదు. అనేసి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

నేను తలుపు వారగా నిలబడి వింటున్నాను. తేలు కుట్టిన దొంగ అని వినడమే గాని, ఆ కుట్టడం ఎలా ఉంటుందో నాకు నిన్ననే తెలిసింది.

"తప్పు నాదే అక్కా," అన్నాడు ఆయన. "గూటాలు పెట్టడంలో పొరపాటు పడ్డాను."

ఆయన పద్ధతి అది. పచ్చికకి నీడ చేటు, అందుకని ఏ కాలంలో నీడ ఎందాకా వస్తుందో అక్కడ కొయ్య గూటం పాతుతాడు. ఎండాకాలానికి తెల్లరంగు, చలికాలానికి ఎర్రరంగు. కాగితం మీద లెక్కలు ఆయనకి రావు. ఎండ రావాలి, నీడ పడాలి, గూటం దిగాలి. కొత్త స్టాండు మాట మొదటిసారి లేచినప్పుడు వీధి వైపు కూడా అలాగే, పాత కప్పు మీద అంతెత్తు వెదురు నిలబెట్టి కొలుస్తానన్నాడు.

"తెల్లవి సందు మధ్యలో పెట్టాను. అవి బాగా గుర్తు. ఎర్రవి కూడా, పోయిన చలికాలం, నాలుగు పాతాననే అనుకున్నాను," అన్నాడు.

వదిన బుట్ట అందుకోబోతున్నదల్లా ఆగింది. "అనుకోవడమేంట్రా? పాతావా, పాతలేదా?"

"పాతలేదక్కా. జ్వరం తగ్గి లేచాక వెళ్ళి చూస్తే ఒక్కటీ లేదు. జ్వరంలో కలగన్నట్టున్నాను. పాతుదామనుకుని మర్చిపోయి ఉంటాను."

"అలా అని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పడమేంటి, ఇదే చెప్పింది," అని నా వైపు చెయ్యి చూపించాడు. "నేను పాతానని ఒకటే వాదించాను. ఇదే నచ్చజెప్పింది. మీరు ఎర్రవి పెట్టనే లేదండీ, ఊరికే బుర్ర పాడుచేసుకోకండీ అని."

వదిన నా వైపు తిరిగింది. కోపంగా ఏం కాదు. లెక్క తప్పిన బట్టల మూటని చూసినట్టు చూసింది.

"ఏం మరదలా? నిజమేనా?"

"ఆ... అవును వదినా."

అంతసేపూ ఎగసిపడ్డ గొంతు ఒక్కసారి చల్లబడిపోయింది. తడి బుట్ట నడుముకి ఎత్తుకుంది. నేను సాయం పట్టబోతే, "వద్దులే, అలవాటే," అంది.

గుమ్మం దిగుతూ, "నాలుగింటికి మీటింగు. వీధి వాళ్ళు సంతకాలు వెనక్కి తీసుకోవాలంటే ఇవాళే ఆఖరు," అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు చెప్పేస్తాను, మీ దగ్గర దాపరికం ఎందుకు. ఆ గూటాలు పీకింది నేను.

ఆయన ఒళ్ళు తెలియని జ్వరంతో పడున్న వారం, క్లబ్బు పంపిన కొలతలాయన వచ్చాడు. కాగితం మీద తనే లెక్కేసుకోవచ్చు కదా, పెద్ద చదువు చదివినవాడు! "ఇరవై ఏళ్ళు నీడతో కాపురం చేసిన మనిషి గూటాలుండగా నా లెక్కలెందుకమ్మా, రేపు పొద్దున చూపించండి చాలు," అన్నాడు. సరేనన్నాను. మర్నాడు తెల్లారుతుండగానే వెళ్ళి ఎర్రవి మూడు పీకి సంచిలో వేసుకున్నాను. నాలుగోది వదిన గోడ మొదట్లో ఉంది. పైన ఆమె కిటికీ తెరిచి ఉంది. చెయ్యి రాలేదు, వచ్చేశాను. పదింటికి కొలతలాయన్ని తీసుకెళ్తే, విచిత్రం, ఆ నాలుగోదీ లేదు. ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారనుకున్నాను. దేవుడు కూడా నా పక్షమే అనుకున్నాను, సిగ్గులేకుండా.

"చలికాలం నీడే దూరం వస్తుంది. చలికాలానివి ఏవమ్మా?" అని అడిగాడాయన.

"ఇవే," అన్నాను, సందు మధ్యలో తెల్లవి చూపించి.

అంతే. రెండక్షరాలు. ఆ రెండక్షరాల మీద, చలికాలంలోనూ నీడ ఇళ్ళ మీదికి రాదని కాగితం తయారైంది, కాగితం మీద వీధంతా సంతకాలు పెట్టింది.

ఎందుకు చేశానంటే మా పిడుగు కోసం. అది మా కూతురు. పదిహేడేళ్ళు, అమ్మాయిల జట్టుకి గోల్‌కీపరు. మగవాళ్ళకి రెండు గదులున్నాయి. వీళ్ళు పదిహేనుమందీ బట్టలు మార్చుకునేది గడ్డి కోసే యంత్రాలు పెట్టే కొట్టులో, పెట్రోలు కంపులో. దానికి గడియ లేదు. మూడేళ్ళుగా ప్రతి మ్యాచికీ ఆ తలుపుకి నా వీపు ఆనించి నిలబడుతున్నాను. ఒకసారి నీళ్ళ కోసం పక్కకెళ్ళాను. రెండు నిమిషాలు. తిరిగొచ్చేసరికి ముగ్గురు మగవాళ్ళు తలుపు తెరుచుకుని "అయ్యో, చూళ్ళేదు" అని నవ్వుతున్నారు. ఆ రోజు పిల్ల నాతో మాట్లాడలేదు. కొత్త స్టాండు కింద అమ్మాయిలకి సొంత గది ఉంది. గడియ ఉంది. ఆ గది నమూనా బొమ్మని మా పిడుగు మంచం పక్కన గోడకి అంటించుకుంది.

గూటాలు పీకిన పాపం సగమే. ఆయన జ్వరం నుంచి లేచి సందంతా వెతుక్కుని వచ్చి, "ఏమే, నేను పాతాను కదే," అన్నప్పుడు, ఆయన కళ్ళలోకి చూసి "లేదండీ" అన్నానే, ఆ పాపానికి పేరు లేదు. అప్పట్నుంచి ఆయన ప్రతిదీ నన్ను అడుగుతున్నాడు. గేటు తాళం వేశానా? పైపు కట్టేశానా? బంగారంలాంటి మనిషి బుర్రకి నేనే పిచ్చి పట్టించాను.

"ఏమండీ," అన్నాను, వదిన వెళ్ళాక.

"ఊఁ."

"మీతో ఒక మాట చెప్పాలి."

"నువ్వేం చెప్పకు," అన్నాడు. "ఆ రోజు నువ్వు నిజం చెబుతుంటే నేనే మూర్ఖంగా వాదించాను. తర్వాతైనా క్లబ్బుకెళ్ళి, చలికాలం కొలత నా దగ్గర లేదు అని ఒప్పుకుని ఉండాల్సింది. కాగితంలో రాదని ఉంటే, కొలతలాయన చూసే ఉంటాడులే అని అక్కకి అదే చెప్పాను. పరువు అడ్డొచ్చింది."

ఏం చెప్పను? ఆయన ముట్టని కంచం చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడే వచ్చింది పిడుగు, మోకాళ్ళ నిండా మట్టితో, చేతి తొడుగులు పళ్ళతో లాక్కుంటూ.

"వీధి వాళ్ళు అడ్డం తిరుగుతున్నారటగా! ప్రాక్టీసులో అందరూ అదే మాట," అంది. "నాన్నా, అత్త కూడానా?"

ఆయన వంగి బూట్ల లేసు సర్దుకున్నాడు.

"అత్తకేంటమ్మా, ఆ దుప్పట్లు ఇంకెక్కడన్నా ఆరేసుకోలేదా?"

"నోర్ముయ్!" అన్నాను. నా అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను. "మీ అత్త ఎండ నువ్వు తింటావా? సిగ్గు లేదూ?"

పిల్ల బిత్తరపోయింది. ఎందుకు తిట్టానో దానికేం తెలుసు! అది అన్నది అక్షరం పొల్లుపోకుండా నేను ఆ రోజు సందులో వంగి గూటం పీకుతూ అనుకున్న మాట. నా మాట నా కూతురి నోట్లో వినపడేసరికి తట్టుకోలేకపోయాను.

అది తలుపు విసురుగా వేసుకుని లోపలికి పోయింది. మూడున్నర దాటాక ఆయన లేచి, మొహం కడుక్కుని, గ్రౌండు తాళాల గుత్తి జేబులో వేసుకున్నాడు.

"అవెందుకు మీటింగుకి?"

"ఇచ్చేస్తాను," అన్నాడు. "గూటం పాతానో లేదో గుర్తులేనివాడికి గ్రౌండెందుకు?"

ఆయన అటు వెళ్ళగానే నేను స్టూలెక్కి అటక మీద చెయ్యి పెట్టాను. పిడుగు పాత బూట్ల సంచిలో, అడుగున, గుడ్డ చుట్టి దాచాను వాటిని. అప్పుడే పొయ్యిలో పెట్టేస్తే ఈ గొడవే లేదు. కానీ ఆయన చేత్తో చెక్కి, రంగేసి, తలకాయ దగ్గర చాకుతో గాటు పెట్టిన కొయ్యలవి. మంట పెట్టడానికి చేతులు రాలేదు. మొగుడి బుర్ర కాల్చడానికి వచ్చిన చేతులు, ఆయన కొయ్యలు కాల్చడానికి రాలేదు!

క్లబ్బు హాల్లో కుర్చీలు చాలక సగం మంది గోడలకి ఆనుకుని నిలబడ్డారు. నేను వెనక వరసలో, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వదిన ముందు వరసలో ఉంది. డాబా నుంచి నేరుగా వచ్చినట్టుంది, బట్టల క్లిప్పుల సంచి ఇంకా భుజానే వేలాడుతోంది.

సెక్రెటరీ గారు మొదలుపెట్టారు. ఉన్న స్టాండు చాలడం లేదు, జనం పిట్టగోడలెక్కి చూస్తున్నారు, పోయిన నెల కమ్మీ వంగి ఇద్దరు పడ్డారు.

"పడ్డది గెలిచిన సంతోషంలో కాదులెండి!" అన్నాడు ఒక ముసలాయన, మెడలో క్లబ్బు మఫ్లరు చుట్టుకుని. "మనవాళ్ళకి నాలుగు గోల్స్ కొట్టడం చేతకాదు గాని, నాలుగంతస్తుల స్టాండు కావాలట!"

అందరూ నవ్వారు. ఆయనే మళ్ళీ, "అలాగని వద్దనను. మా మనవరాలు ఆడుతుంది. ఆ కొట్టులో కుక్క కూడా పడుకోదు," అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

"వీధి వాళ్ళు సంతకాలు వెనక్కి తీసుకుంటే పథకం ఆగిపోతుంది," అన్నారు అధ్యక్షుడు గారు. "ముందు ఈ నీడ సంగతి తేల్చండి. గూటాలు పెట్టింది మీరేగా?"

మా ఆయన లేచి నిలబడ్డాడు.

"నేనేనండి. చలికాలానివి మర్చిపోయాను. తప్పు నాది. కొలతలాయనది కాదు, క్లబ్బుది కాదు." తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవిగో."

"మర్చిపోయాడట!" వెనక నుంచి ఎవరో గట్టిగా అన్నారు. "కూతురు క్లబ్బులో, జీతం క్లబ్బులో. సొంత అక్క కొంప ముంచి వీళ్ళ మెప్పు కొట్టేశాడు. తెలిసే చేశాడు!"

ఆయన బల్ల మీది తాళాల వైపే చూస్తున్నాడు. నిజంగానే తెలిసి చేశానా అని తనని తనే అడుక్కుంటున్నాడని ఆ మొహం చూస్తే నాకు తెలిసిపోయింది. ఇంక నా వల్ల కాలేదు.

లేచి ముందుకి నడిచాను.

"నువ్వెందుకే, కూర్చో," అన్నాడు ఆయన మెల్లగా. "దీని గురించి నీకేం తెలుసు?"

"నాకే తెలుసు," అన్నాను.

సంచి బోర్లించాను. మూడు ఎర్ర గూటాలు బల్ల మీద దొర్లి, తాళాల గుత్తికి తగిలి ఆగాయి.

"మా ఆయన ఏం మర్చిపోలేదు. పాతారు. నేను పీకాను. కొలతలాయనకి అబద్ధం చెప్పాను. ఈయనకీ చెప్పాను."

హాల్లో గొణుగుడు లేచింది. నేను ఆయన్నే చూస్తున్నాను. కొడతాడనుకున్నాను, కనీసం తిడతాడనుకున్నాను. ఆయన ఒక గూటం తీసి, తల దగ్గర గాటుని బొటనవేలితో తడిమాడు.

"పాతాను," అన్నాడు. "నేను పాతాను! నా బుర్ర బాగానే ఉంది!" అంటూ పసిపిల్లాడిలా నవ్వాడు, కళ్ళ నిండా నీళ్ళతో. ఆ నవ్వు చూశాక నాకు బతకాలనిపించలేదు.

తర్వాత నవ్వు ఆగింది. ఆయన గూటాలు లెక్కపెట్టాడు.

"నాలుగు పాతాను. నాలుగోదేది?"

"అది నేను పీకలేదండీ. ఒట్టు. మీ అక్కయ్య గోడ దగ్గరది. మళ్ళీ వెళ్ళి చూస్తే లేదు."

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. వదిన లేచింది. క్లిప్పుల సంచిలో చెయ్యి పెట్టి, అడుగుదాకా కెలికి, ఎర్ర గూటం ఒకటి తీసి మిగతా మూడింటి పక్కన పెట్టింది.

"నీ పెళ్ళాం మూడు పీకడం కిటికీలోంచి చూశాను," అంది తమ్ముడితో. "నువ్వే పంపావనుకున్నాను. వాడు నోరు తెరిచి అడగలేక పెళ్ళాన్ని పంపాడు, పాపం పిల్ల కోసం కదా అనుకున్నాను. నాలుగోది నేనే పీకాను. నీడ వస్తుందని తెలిసే సంతకం పెట్టాను."

"మరి నన్ను రాదు కదా అని ఎందుకడిగావక్కా?"

"నిజం చెబుతావేమోనని. చెప్పి, 'అక్కా, పిల్ల కోసం ఒప్పుకో' అని ఒక్క మాట అడుగుతావేమోనని." వదిన క్లిప్పుల సంచి మూతి బిగించింది. "అడగలేదు. రాదని అబద్ధమాడావనుకున్నాను. ఆ నీడ కంటే నాకు ఆ మాటే ఎక్కువ మండింది. నీకేం తెలియదని ఇవాళ పొద్దుటి దాకా నాకూ తెలియదు."

ఆయన ఒకసారి అక్కని, ఒకసారి నన్ను చూశాడు.

"ఇద్దరికీ తెలుసు," అన్నాడు. "ఇద్దరూ నా కోసమే, పిల్ల కోసమే అనుకున్నారు. నాతో మాత్రం ఒక్కరూ చెప్పలేదు."

నాలుగు గూటాలూ చేతిలోకి తీసుకుని బయటికి నడిచాడు. తాళాలు బల్ల మీదే ఉన్నాయి. ఎవరూ ఆపలేదు.

కాసేపటికి సందు వైపు నుంచి సుత్తి దెబ్బలు వినపడ్డాయి. ఒక గూటం దిగింది. కాస్త ఆగి రెండోది. మూడోది. ఆయన గూటం దింపితే ఎన్ని దెబ్బలో నాకు తెలుసు, ప్రతిదానికీ ఐదు. సెక్రెటరీ గారు కాగితాలు సర్దడం మానేసి వింటున్నారు.

నాలుగోదాని దెబ్బ వినపడలేదు.

వదిన నా పక్క కుర్చీలో వచ్చి కూర్చుంది. తలుపు తోసుకుని పిడుగు వచ్చింది, చెప్పులు లేకుండా, రొప్పుతూ. చేతిలో వాళ్ళ నాన్న సుత్తి ఉంది.

"అమ్మా, నాన్న అత్త గోడ దగ్గర గూటం పట్టుకుని కూర్చున్నాడు. అంతా చెప్పాడు," అంది. "సుత్తి నా చేతికిచ్చాడు. ఇది నువ్వే కొట్టాలి, కొడితే అత్త ఎండ అత్తకుంటుంది, నీ గది పోతుంది, వద్దంటే గూటం పారేస్తాను అంటున్నాడు."

పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. నన్ను చూసింది, అత్తని చూసింది, మళ్ళీ నన్నే చూసింది.

"కొట్టనా అమ్మా?"